ఆ ప్లాస్టరు కింద ఏముందో చూశామా?

మనవారిని ఆసుపత్రిలో చేర్చిన మొదటి గంటలో ఏం జరుగుతుందో మన పాఠకులలో చాలామందికి అనుభవమే. ఒక సిస్టరు వచ్చి మోచేతి మడతలో సూది గుచ్చి రెండు మూడు చిన్న గొట్టాలలోకి రక్తం తీసుకుంటుంది. కాసేపటికి ముంజేతికి ఒక ప్లాస్టిక్ గొట్టం సూది పెట్టి, పైన ప్లాస్టరు అంటించి సెలైన్ తగిలిస్తుంది. మనం హమ్మయ్య అనుకుంటాం. "బాటిల్ ఎక్కుతోంది, ఇక భయం లేదు" అని ఊరికి ఫోను చేస్తాం. ఆ తరువాత ఆ చేతివంక మళ్లీ చూడం.

మేమూ చూడలేదు.

2019 వానాకాలంలో మా పెద్దమ్మకు జ్వరం, వాంతులు పట్టుకుంటే పట్నంలో ఒక ఆసుపత్రిలో చేర్చాము. మంచి వైద్యమే జరిగింది. రెండు రోజులలో జ్వరం దిగింది. మూడో రోజు సెలైన్ ఆపేశారు. కాని చేతికి పెట్టిన సూదిని మాత్రం "మళ్లీ అవసరం పడవచ్చు" అని ఉంచేశారు. నాలుగో రోజు పెద్దమ్మ "చెయ్యి మంటగా ఉందిరా" అంది. "సూది గుచ్చాక మంట పుట్టదా, కాస్త ఓర్చుకో పెద్దమ్మా" అన్నాము. ఐదో రోజూ అదే మాట అంది, మేమూ అదే జవాబు చెప్పాము. ఆరో రోజు తెల్లవారి చూస్తే మణికట్టు నుండి మోచేతి దాకా ఎర్రగా ఉబ్బి ఉంది. ప్లాస్టరు విప్పితే సూది మొదట్లో చీము! ఆ సాయంకాలానికి చలి, వణుకుతో జ్వరం తిరగబెట్టింది. క్రిములు రక్తంలోకి చేరాయని డాక్టరుగారు చెప్పారు.

మర్నాడు ఇంటికి రావలసిన మనిషి మరి పద్దెనిమిది రోజులు ఆసుపత్రి మంచం మీదే ఉంది. చేతికి కోత పెట్టి చీము తీయవలసి వచ్చింది. ఇప్పటికీ ఆమె ఎడమచేతి చివరి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. చేటతో బియ్యం చెరగాలంటే చేట అంచును మోకాలికి ఆనించుకుంటుంది.

సూది తీయనివారిదే తప్పని చాలా రోజులు కోపంగా ఉన్నాము. కాని మంటగా ఉందని ఆమె మొదట చెప్పింది ఆసుపత్రివారితో కాదు, మంచం పక్కన కూర్చున్న మాతో. ఒక్కసారి ఆ ప్లాస్టరు పక్కన వేలు వేసి చూసి ఉంటే, లేక ఒక సిస్టరును పిలిచి ఉంటే! ఈ ఆలోచన మమ్మల్ని వదలలేదు. అందుకే మా సంఘములోనే ఉన్న ఒక పెద్ద నర్సమ్మగారి దగ్గరకు వెళ్లి, ముప్పై ఏళ్లు వార్డులలో పనిచేసిన ఆమె దగ్గర కూర్చుని ఈ సంగతులు అడిగి తెలుసుకున్నాము. రక్తం తీసే పద్ధతి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించిన సూచనలు కూడా చూశాము. మనవారికి వైద్యం చేయడం మన పని కాదు. కాని చూడడం, అడగడం మన పనే.

నాలుగు మరియమ్మలు

ముందు ఒక చిన్న మాట. మనం 'నరం' అనే మాటను అన్నిటికీ వాడేస్తాం. నరానికి ఇంజెక్షన్ అంటాం, నరాల బలహీనత అనీ అంటాం. నిజానికి సూది గుచ్చేది రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకుపోయే సిరలోకి. నొప్పిని మెదడుకు మోసే అసలు నరం వేరు. మోచేతి మడతలో ఈ రెండూ, వాటితోపాటు గుండె నుండి రక్తం తెచ్చే ధమని కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే సూది గుచ్చగానే కరెంటు షాకు కొట్టినట్టు వేళ్ల దాకా జివ్వుమంటే పళ్లు బిగబట్టి ఊరుకోకూడదు. వెంటనే చెప్పాలి. సూది బయటికి తీసి వేరేచోట చూస్తారు. కొద్దిపాటి నొప్పికీ ఈ జివ్వుమనడానికీ తేడా గుచ్చించుకున్నవారికే తెలుస్తుంది.

రక్తం తీయడంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం సూదితో వచ్చేది కాదని నర్సమ్మగారు చెప్పినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. "పేరుతో వస్తుందండీ" అన్నారు. మన పల్లెలలో ఆదివారం ఆరాధనకు వస్తే ఒక్క చాప మీదే నలుగురు మరియమ్మలు కూర్చుంటారు. సుందరరావులు, యేసురత్నాలు సరేసరి. అదే వార్డులో ఇద్దరు మరియమ్మలు పక్కపక్క మంచాలలో పడుకుంటే? సిస్టరు వచ్చి "మరియమ్మ మీరేనా?" అని అడుగుతుంది. జ్వరపు మగతలో ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతుంది. ఒకరి రక్తం గొట్టం మీద మరొకరి చీటీ పడితే పరీక్ష ఫలితం తారుమారవుతుంది. రక్తం ఎక్కించే సందర్భంలో గ్రూపే తారుమారైతే ప్రాణమే పోతుంది. కాబట్టి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, వయసు మనమే చెప్పాలి. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే పక్కనున్నవారు చెప్పాలి. గొట్టాల మీద చీటీ మంచం దగ్గరే, మన కళ్లముందే అంటించడం సరైన పద్ధతి. నాలుగు గొట్టాలు జేబులో వేసుకుని పోయి బల్ల దగ్గర తీరికగా రాయడం మంచిది కాదు.

గొట్టాల మూతలకు రంగులెందుకని కూడా అడిగాము. ఊదారంగు మూత ఉన్నదానిలో రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఉంటుంది. రక్తకణాలు లెక్కపెట్టడానికి అది. బూడిదరంగు మూతది చక్కెర పరీక్షకు. రక్తం గొట్టంలోకి వచ్చాక కూడా అందులోని కణాలు బ్రతికే ఉండి చక్కెరను తింటూనే ఉంటాయట. ఆ తినడాన్ని ఆపే మందు అందులో వేసి ఉంటుంది. సిస్టరు ఆ గొట్టాలను మెల్లగా అటూ ఇటూ తిప్పేది మందు కలవడానికే. గట్టిగా కుదిపితే రక్తకణాలు పగిలి పరీక్ష పాడవుతుంది. ఇక "ఇంత రక్తం లాగేశారు, మా మనిషి నీరసించిపోయాడు" అనే మాట మనం మానుకోవచ్చు. పెద్దమనిషి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మామూలు పరీక్షలకు తీసేది 5 నుండి 10 మిల్లీలీటర్లు. అంటే ఒకటి రెండు చెంచాలు.

శుభ్రత మాటకు వస్తే మన కళ్లతో చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. గ్లౌజులు తొడుక్కున్నా చేతులు కడుక్కోవడం తప్పదు. ఒక రోగి దగ్గర తొడిగిన గ్లౌజులతో రెండో రోగిని ముట్టుకుంటే అవి ఉన్నా లేనట్టే. సిరంజి, సూది కొత్త ప్యాకెట్టులో నుండి మన ఎదుటే చింపి తీయాలి. స్పిరిట్ దూదితో చర్మాన్ని సుమారు అర నిమిషం రుద్ది, మరో అర నిమిషం ఆరనివ్వాలి. ఆరేటప్పుడే స్పిరిట్ క్రిములను చంపుతుంది. కాని మనకు తొందర. తల్లులైతే బిడ్డకు చల్లగా ఉంటుందని నోటితో ఉఫ్ మని ఊదుతారు. నోటిలోని క్రిములన్నీ అక్కడికే చేరతాయి! శుభ్రం చేసిన చోటును మళ్లీ వేలితో తడిమి చూడడం కూడా పనికిరాదు. తడమవలసినదేదో ముందే తడమాలి.

సూది గుచ్చేచోటికి నాలుగైదు వేళ్ల వెడల్పు పైన రబ్బరు పట్టీ కడతారు. దాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు. నిమిషం రెండు నిమిషాలు దాటితే రక్తం అక్కడే నిలిచి పరీక్ష ఫలితాలు మారతాయి. సూది బయటికి తీసేముందే పట్టీ విప్పాలి. పట్టీ మరిచిపోయి వేరే పనికి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయని, ఒక పసిబిడ్డ వేళ్లు నీలంగా మారేదాకా ఎవరూ చూడలేదని ఆమె చెప్పారు. దుప్పటి కింద ఉండిపోయిందట పాపం. రక్తం తీశాక మనలో అందరం మోచెయ్యి మడిచి దూదిని బిగించి పట్టుకుంటాం. అది అలవాటేగాని మంచి పద్ధతి కాదు. చెయ్యి చాపి ఉంచి, దూదిని వేలితో రెండు నిమిషాలు కదలకుండా నొక్కాలి. మడిస్తే సిర సరిగా మూసుకోక లోపల రక్తం కారి నల్లగా కములుతుంది. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఇంకా ఎక్కువసేపు నొక్కాలి, ఆ మాత్రల సంగతి ముందే చెప్పాలి. సూది చూస్తే కళ్లు తిరిగేవారు కూడా సిగ్గుపడకుండా ముందే చెప్పి పడుకోవాలి. మీసాలు మెలేసే మగవారే ఎక్కువగా పడిపోతారని నర్సమ్మగారు నవ్వారు.

సెలైన్ ఎక్కుతున్న చేతి నుండి రక్తం తీస్తుంటే మాత్రం తప్పక అడ్డు చెప్పండి. గ్లూకోజు ఎక్కుతున్న చేతి నుండి తీసిన రక్తంలో చక్కెర లేని రోగం చూపిస్తుంది. దాన్ని నమ్మి మందు వేస్తే అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. రెండో చేతి నుండి తీయమని అడగడం పొగరు కాదు.

చేతికి పెట్టిన సూదిని రోజూ చూడాలి

సెలైన్‌కు పెట్టేదాన్ని క్యాన్యులా అంటారు. లోపలి ఇనుప సూది గుచ్చి తీసేస్తే పైనున్న మెత్తని ప్లాస్టిక్ గొట్టం మాత్రమే సిరలో మిగులుతుంది. 'లోపల సూది ఉంది, చెయ్యి కదిపితే గుచ్చుకుంటుంది' అని రాత్రంతా కర్రలా చెయ్యి బిగబట్టుకునేవారు ఈ మాట తెలుసుకుంటే కొంత నిద్రపోతారు. దానికీ రంగులున్నాయి. పసుపు చాలా సన్నది, పసిబిడ్డలకు వాడతారు. నీలం, గులాబి, ఆకుపచ్చ, బూడిద అని లావు పెరుగుతూ పోతుంది. ప్రమాదాలలో, కాన్పు కష్టమై రక్తం పోతున్నప్పుడు త్వరగా ఎక్కించడానికి లావువి కావాలి. ఒకచోట రెండు ప్రయత్నాలు తప్పిపోతే ఇంకొకరిని, చెయ్యి తిరిగినవారిని పిలవడం మంచి ఆసుపత్రుల పద్ధతి. ఆ మాట మర్యాదగా అడగవచ్చు. పదిసార్లు గుచ్చించుకున్న బిడ్డ ఏడుపు విని సిస్టరు మీద అరిస్తే ఆమె చెయ్యి ఇంకా వణుకుతుంది తప్ప లాభం లేదు.

ఈ క్యాన్యులా మన శరీరానికి తెరిచిన ఒక తలుపు. మందు వెళ్లే దారినే క్రిమీ వెళ్లగలదు. చర్మమనే గోడను దేవుడు ఎందుకిచ్చాడో ఆ గోడకు కన్నం పడినప్పుడే తెలుస్తుంది. పెట్టిన తేదీ, సమయం ప్లాస్టరు మీద రాసి ఉండాలి. రాయకపోతే రాయమని అడగాలి. ఇదివరకు మూడు నాలుగు రోజులకొకసారి మార్చి తీరాలనేవారు. ఇప్పుడు చాలాచోట్ల బాగా పనిచేస్తున్నంతవరకు ఉంచి, తేడా కనిపించగానే తీసేస్తున్నారు. ఏ పద్ధతి పాటించినా రోజూ చూడడం మాత్రం తప్పదు. ఇక అవసరం లేని క్యాన్యులాను ఒక్క పూట కూడా ఉంచకూడదు. 'మళ్లీ అవసరం పడవచ్చు' అన్న మాట మా పెద్దమ్మ చేతిని ఏం చేసిందో మేము చూశాము.

ఏం చూడాలి? ఎరుపు, వాపు, వేడి, నొప్పి. సిర పొడవునా తాడులా గట్టిపడడం. ప్లాస్టరు తడిసి ఉండడం. చెయ్యి చల్లబడి ఉబ్బితే గొట్టం సిరలో నుండి జారి నీరు కండలోకి పోతున్నదని అర్థం. కొన్ని మందులు అలా కండలోకి పోతే చర్మమే కుళ్లిపోతుంది. సెలైన్ మొదలైన కాసేపటికి చలి, వణుకు వస్తే ఆ సంగతి తక్షణం చెప్పాలి. ఇవన్నీ మాట్లాడగలిగే రోగి తానే చెబుతాడు. పసిబిడ్డ, స్పృహలేనివారు, బాగా ముసలివారు చెప్పలేరు. వారికి మన కళ్లే దిక్కు. క్యాన్యులాకు పైన ఒక చిన్న మూత ఉంటుంది. మందు వేసిన ప్రతిసారీ అది తీసి, స్పిరిట్‌తో తుడిచి, మందు వేశాక మళ్లీ పెట్టాలి. ఆ మూత దుప్పట్లో పడిపోయి కనబడక తెరిచే ఉంచడం మేము ఎన్నోసార్లు చూశాము.

సెలైన్ సీసా విషయంలో బంధువులమైన మనం చేసే తప్పులు తక్కువేం కాదు. గొట్టానికి ఉన్న చిన్న చక్రం తిప్పితే చుక్కలు త్వరగా పడతాయని అందరికీ తెలుసు. ఆఖరి బస్సు తొమ్మిదింటికి. సీసాలో సగం ఇంకా ఉంది. ఎవరూ చూడకుండా చక్రం కొంచెం వదులు చేస్తాం! మామూలుగా వాడే చాలా సెట్లలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్ల సీసా 8 గంటలలో ఎక్కాలంటే నిమిషానికి 21 చుక్కలు పడాలి. దాన్ని గంటలో తోసేస్తే గుండె జబ్బు ఉన్న ముసలాయనకు ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం వస్తుంది. సీసాలో పొటాషియం వంటి మందు కలిపి ఉంటే గుండే ఆగిపోవచ్చు. ఆ చక్రం మనది కాదు, ముట్టవద్దు. సీసా అయిపోవచ్చినప్పుడు పిలవడం మాత్రం మన పని. గొట్టంలోకి కాస్త రక్తం వెనక్కి వచ్చినా, ఒకటి రెండు చిన్న గాలి బుడగలు కనిపించినా గుండెలు బాదుకోనక్కరలేదు. సిస్టరును పిలిస్తే చాలు. గాలి పోవడానికని సీసా నెత్తిన ఒక సూది గుచ్చి వదిలేయడం చాలాచోట్ల చూస్తాం. అది దుమ్ముకూ క్రిములకూ దారి. గాలి దారి ఉన్న సెట్టు వాడితే ఆ అవసరం రాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు పాఠకులకు ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని డయాలసిస్ మంచం ఎక్కించిందో మీకే తెలుసు. 2023లో పలాసలో ఈ జబ్బుకే ప్రత్యేకంగా ఆసుపత్రి ప్రారంభమైంది. డయాలసిస్ కోసం చేతిలో సిరను, ధమనిని కలిపి ఫిస్టులా చేస్తారు. ఆ చేతికి సూది గుచ్చకూడదు, బి.పి. చూడకూడదు, బరువు మోయకూడదు. ఇంకా డయాలసిస్ దాకా రానివారు కూడా ముంజేతి సిరలను కాపాడుకోవాలి. వీలైనంతవరకు అరచేతి వెనుక భాగం నుండే రక్తం తీయమని అడగాలి. పది రూపాయల సూదితో ఈ రోజు పాడైన సిర రేపు ప్రాణాధారమైన సిర కావచ్చు. ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఏ జ్వరానికి వెళ్లినా, "నాకు కిడ్నీ జబ్బు ఉంది, ఈ చెయ్యి వద్దు" అని ముందే చెప్పండి. రొమ్ము కాన్సరుకు ఆపరేషన్ అయి చంక గ్రంథులు తీసిన తల్లులు కూడా ఆ వైపు చెయ్యి ఇవ్వకపోవడం మంచిది.

'బలం బాటిల్'

ఇంతకూ ఆ సీసా నిజంగా అవసరమా?

1832లో స్కాట్లండులోని లీత్ అనే రేవు పట్టణంలో కలరా విరుచుకుపడింది. థామస్ లట్టా అనే వైద్యుడు చావు అంచున ఉన్న ఒక వృద్ధురాలి సిరలోకి ఉప్పునీరు ఎక్కించాడు. అరగంటలో సుమారు 3 లీటర్లు. కళ్లు గుంటలు పడి నాడి అందని ఆమె తేరుకుని, హాయిగా ఉందన్నది. లట్టా ఆమెను మరో వైద్యుడికి అప్పగించి వెళ్లాడు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. తిరిగి నీరు ఎక్కించేవారు లేక కొద్ది గంటలలో చనిపోయింది. క్రిముల సంగతే తెలియని రోజులవి. ఐనా ఆ తరువాత ఆయన చేతిలో కొందరు బ్రతికారు. కాబట్టి సెలైన్ ప్రాణం పోసే మందే, సందేహం లేదు.

కాని 1971లో మన దేశంలోనే ఇంకొక సంగతి జరిగింది. బంగ్లాదేశ్ యుద్ధంలో సరిహద్దు దాటి వచ్చిన కాందిశీకులతో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ నిండిపోయింది. కలరా. ఆసుపత్రి నేలంతా రోగులే. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ములలో పెట్టించి బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 కంటే తక్కువకు దిగాయి. ఆయన 2022లో మరణించారు. 2023లో దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. నోటితో తాగగలిగిన మనిషికి సూది లేకుండానే వైద్యం జరుగుతుందని ఆ శిబిరం చూపించింది. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు అందుబాటులో లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపితే సరిపోతుంది.

మన ఊళ్లలో జరిగేదేమిటి? కోతలు అయ్యాక ఒళ్లు నొప్పులని, పండుగకు ముందు నీరసమని, మనమే వెళ్లి "ఒక బలం బాటిల్ పెట్టండి" అని అడుగుతాం. సీసాలో పసుపు రంగు విటమిన్ మందు కలిపితే మరీ సంతోషం. 5 శాతం గ్లూకోజు సీసా 500 మిల్లీలీటర్లలో ఉండేది 25 గ్రాముల చక్కెర. అయిదారు చెంచాలు. రెండు కప్పుల టీలో పోసుకునేంత. మామూలు సెలైన్‌లోనైతే ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు మాత్రమే. ఆ మాత్రం బలం ఒక గ్లాసు గంజిలో ఉప్పు వేసుకున్నా వస్తుంది. దానికి సిరలో కన్నం పెట్టించుకుని, వందల రూపాయలు ఇచ్చి, పాక వసారాలో మేకుకు తగిలించిన సీసా కింద పడుకుంటున్నాం. ఊరి వైద్యుని ఒక్కరినే అనడం న్యాయం కాదని మా అభిప్రాయం. సూది వేయకపోతే "అసలు చూడనే లేదు" అని మనమే పక్క ఊరికి పోతాం గదా!

వాడేసిన సూది

నర్సమ్మగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో గాజు సిరంజిలు, ఇనుప సూదులు. స్టీలు పెట్టెలో వేసి కిరోసిన్ స్టౌ మీద మరిగించేవారు. మొద్దుబారిన సూదులను రాతి మీద నూరిన రోజులు కూడా ఆమె చూశారు. 1990లలో ఒక రాత్రి డ్యూటీలో, రక్తం తీసిన సూదికి మూత పెట్టబోతే అది బొటనవేలిలో దిగింది. ఆ రోగికి ఎయిడ్స్ ఉందని తరువాత తెలిసింది. అప్పట్లో ఆమెకు ఇవ్వడానికి మందు లేదు. ఆరు నెలలు పరీక్షలు చేయించుకుంటూ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, బిడ్డకు ముద్దు పెట్టడానికి కూడా భయపడుతూ బ్రతికారు. దేవుని దయ వల్ల ఏమీ రాలేదు. మాకు ఇది చెబుతున్నప్పుడు కూడా ఆ వేలిని రెండో చేత్తో పట్టుకునే ఉన్నారు.

అలా గుచ్చుకున్నప్పుడు హెచ్.ఐ.వి. సోకే అవకాశం వెయ్యింటికి 3. కాని టీకా వేయించుకోనివారికి కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. అందుకే వాడిన సూదికి మూత పెట్టకూడదు, తిన్నగా గుచ్చుకుపోని డబ్బాలో వేయాలి. గుచ్చుకుంటే సబ్బు నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇప్పుడు మందులున్నాయి. కొన్ని గంటలలోనే, ఎంత ఆలస్యమైనా 72 గంటలలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆసుపత్రులు ఊడ్చే పనికి మన బిడ్డలే ఎక్కువగా వెళుతున్నారు. వారికి హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు వేయించారో లేదో ఇంట్లో పెద్దలు అడగండి.

ఒక సూది ఇద్దరికి వాడితే ఏమవుతుందో లోకం చూసింది. 2014 చివరలో కంబోడియా దేశంలోని రోకా అనే పల్లెలో పసిపిల్లలకూ పండు ముసలివారికీ కలిపి 200 మందికి పైగా హెచ్.ఐ.వి. బయటపడింది. ఊరంతా నమ్మిన, డబ్బు లేకపోయినా మందిచ్చే, డిగ్రీ లేని వైద్యుడొకడు సూదులు మార్చలేదు. 2015లో అతనికి 25 ఏళ్ల జైలుశిక్ష పడింది. మన దేశంలోనూ 2018లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవ్‌లో ఇటువంటి సంగతే వెలుగులోకి వచ్చింది. 2009లో గుజరాత్ మొదాసాలో హెపటైటిస్ బి అనేకుల ప్రాణాలు తీసింది. అక్కడ కూడా మళ్లీ మళ్లీ వాడిన సిరంజిలే కారణమని తేలింది. సూది మార్చి సిరంజి అదే వాడినా, ఒకరికి ఎక్కించగా మిగిలిన సీసా ఇంకొకరికి తగిలించినా ఫలితం అదే.

వాడేసిన సూదులు పెంటకుప్ప మీద వేయడం కూడా మన పల్లెలలో ఉంది. ఆ పెంట పొలానికి పోతుంది. నాటు వేసే ఆడవారి కాళ్లకు గుచ్చుకుంటుంది. పిల్లలు సిరంజిలు ఏరుకుని పిచికారీ ఆట ఆడతారు. 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులను తెల్లని, గుచ్చుకుపోని డబ్బాలో వేసి అప్పగించాలి. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, నిండాక ఆరోగ్య కేంద్రంలో ఇవ్వండి.

మా పెద్దమ్మ ఇప్పుడు ఊళ్లో ఎవరు ఆసుపత్రిలో ఉన్నా చూడడానికి బయలుదేరుతుంది. చేతిలో కమలాలు ఉంటాయి. మొన్న పక్కింటి కోడలు కాన్పుకు వెళితే మేమూ ఆమె వెంట వెళ్లాము. పెద్దమ్మ బిడ్డను ఎత్తుకోలేదు, కోడలిని పలకరించలేదు. ముందు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, కళ్లజోడు పైకి నెట్టుకుని, ప్లాస్టరు మీద అంకెలు చదవబోయింది. అంకెలు లేవు. అప్పుడే వార్డులోకి వచ్చిన సిస్టరును పిలిచి, "అమ్మా, దీన్ని ఎప్పుడు పెట్టారు తల్లీ?" అని అడిగింది. ఆ అమ్మాయి కాగితాలు తిరగేసి, "మొన్న రాత్రండీ బామ్మగారూ. ఇక మందులేమీ లేవు, తీసేస్తాను" అని దూది తెచ్చింది. తీసేదాకా పెద్దమ్మ అక్కడే నిలబడి, ఆ తరువాత కమలాలు ఒలవడానికి కూర్చుంది.